గోడకు ఆనిన తల

“గోడే కదా. ఇంకో పూత వేస్తే సరిపోతుంది” అన్నాడు ఆయన, కంచంలోంచి తల ఎత్తకుండా.

“ఒక పూత వేశారుగా. పైకి వచ్చేసిందిగా” అంది ఆమె.

“అయితే రెండు వేస్తాను.”

“రెండు వేసినా వస్తుంది, పది వేసినా వస్తుంది. అది నూనె మరక.”

అత్తగారు కూర గిన్నెను కొడుకు వైపు జరిపింది. “తినేటప్పుడు గోడల గొడవ ఎందుకు? చల్లారిపోతోంది, తినండి.”

ఇద్దరూ తిన్నారు. ఏం తిన్నారో అడిగితే చెప్పలేకపోయేవాళ్ళు.

గొడవంతా పాతింటి గురించి. నిజానికి అది వాళ్ళు కొన్నవాటిలో ఆఖరిది. అద్దె వస్తుందని, ముందుముందు పనికొస్తుందని కొన్నారు. కొన్ననాటికే దానికి ముసలితనం వచ్చేసింది కాబట్టి ఇంట్లో అందరూ పాతిల్లు అనే పిలుస్తారు. దాన్ని మనుషులు ఉండే కొంపగా చేసింది ఆమే. తలుపుల మీద పెచ్చులు లేచిన వార్నీషు గీకింది, నీళ్ళగదిలో బకెట్టు కింద పడిన తుప్పు వలయం వదిలించింది, గచ్చుకి మళ్ళీ పాలిష్ పట్టించింది. అప్పట్లో ఆయన ఆమెను ‘మరకల డాక్టరు’ అని పిలిచేవాడు. పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

తర్వాత అందులోకి ఒక ఇంజినీరు అద్దెకు దిగాడన్నాడు. ఒంటరివాడన్నాడు. ఒంటరి మగాడు ఉండే ఇంటికి నువ్వెందుకు, నేను చూసుకుంటానన్నాడు. నిజమేననుకుని ఆమె మళ్ళీ అటు వెళ్ళలేదు. పోయిన నెల ఇంజినీరు ఖాళీ చేశాడని చెప్పి, మేస్త్రిని కూడా పిలవకుండా తనే సెలవు పెట్టి రంగు వేసొచ్చాడు. బీరువాకి గొళ్ళెం ఊడితే బిగించని మనిషి రంగు వేశాడంటే అప్పుడే అనుమానం రావాల్సింది. ఆమె మాత్రం మురిసిపోయింది.

మొన్న ఇల్లు చూడ్డానికి చంకలో పిల్లతో ఒకావిడ, ఆవిడ భర్త వచ్చారు. ఆవిడ కుళాయిలన్నీ తిప్పి చూసింది, అలమరాలు తెరిచి చూసింది. అంతా బాగుందంటూ వచ్చి హాల్లో కిటికీ పక్క గోడ దగ్గర ఆగిపోయింది. తెల్లటి కొత్త రంగులోంచి చింకి చేటంత పసుపు మచ్చ ఒకటి తొంగి చూస్తోంది.

“ఇక్కడ ఎవరో రోజూ తల ఆనించుకుని కూర్చునేవాళ్ళు కాబోలు” అందావిడ నవ్వుతూ.

ఆమె చప్పున భర్త వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఆగిపోయిన ఫ్యానులో అంత చూడాల్సింది ఏముందో ఆయనకే తెలియాలి.

“ఆ ఇంజినీరు మీ అంత పొడుగా?” అంది ఇప్పుడు, కంచాలు తీస్తూ.

“ఎవరు?”

“అద్దెకున్నాయన.”

“అదేం ప్రశ్న? నేనేమన్నా కొలిచానా?”

“మన పడకగదిలో మీరు పేపరు చదివే చోట కూడా అంతే ఎత్తులో ఉంటుంది మరక. నెలనెలా నేనే కదా తుడిచేది.”

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ఇంకాసేపు తాగాడు.

“నువ్వు ఈమధ్య గోడలతో మాట్లాడటం ఎక్కువైంది” అని లేచి వెళ్ళిపోయాడు.

అత్తగారు తన చాప మీదికి చేరి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడకు కుడి చెవి వినపడదు. వినపడే ఎడమ చెవి గోడకేసి పెట్టుకుని, వెనక ముడి గోడకు ఆనించి, తల కాస్త ఎడమకు వాల్చి కూర్చుంటుంది. ఇంట్లో మాటలు వినడం ఇష్టం లేనప్పుడు మరీను. ఆ ముడి ఆనే చోట గోడ మీద ఇంకో మరక. అదీ ఆమే తుడుస్తుంది.

ఆమెకు కోపం రాలేదు. వస్తుందేమోనని గిన్నెలు తోముతున్నంతసేపూ చూసింది. ఏదీ రాలేదు. పన్ను పీకే ముందు సూది గుచ్చితే దవడ ఎలా అయిపోతుందో ఒళ్ళంతా అలా ఉంది.

మర్నాడు ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకని బయలుదేరాక, బకెట్టు, స్పాంజి, సబ్బుపొడి తీసుకుని ఆమె పాతింటికి వెళ్ళింది.

“ఒక్కదానివే ఎందుకమ్మాయ్? వాడు సాయంత్రం వస్తాడుగా, వాణ్ణి తీసుకెళ్ళు” అంది అత్తగారు.

“గోడ కడగడానికి ఇద్దరెందుకత్తయ్యా.”

“నన్ను రమ్మంటావా?”

“మీరు మధ్యాహ్నం వదిన వాళ్ళింటికి వెళ్ళాలి కదా.”

“అవునవును” అంది అత్తగారు. ప్రతి మధ్యాహ్నం ఫ్లాస్కు నిండా టీ పోసుకుని కూతురింటికి వెళ్ళడం ఆవిడకు అలవాటు. కూతురి చేతి టీ తనకు నచ్చదని చెప్పేది. తన టీ తనే మోసుకుని చుట్టపుచూపుకు వెళ్ళే మనిషి లోకంలో ఇంకొకరు ఉండరని ఆమె నవ్వుకునేది.

పాతింట్లో కిటికీలు తెరిచింది గానీ, ఆమె వెంటనే గోడ జోలికి వెళ్ళలేదు. ముందు ఇల్లంతా తిరిగింది. మనుషులు ఖాళీ చేసిన ఇంట్లో ఎక్కడెక్కడ ఏం మిగులుతుందో ఆమెకు బాగా తెలుసు.

వంటగదిలో పొయ్యి వెనక పలకలు చూసింది. చిన్న నూనె చుక్క కూడా లేదు. వేలితో రాసి చూసింది, జిడ్డు తగల్లేదు. నీళ్ళగదిలో సబ్బు తెట్టు లేదు. పడకగదిలో మంచం కోళ్ళు ఈడ్చిన గీత లేదు, గోడకు మేకు లేదు. కడిగినందువల్ల వచ్చిన శుభ్రం కాదు అది. ఆమె కిందటిసారి తలుపు వేసి వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలానే ఉంది.

ఒక్క హాల్లోనే మనిషి వాసన ఉంది. తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా గచ్చు మీద పాలిష్ అరిగి ఒక దారి పడింది. కిటికీ కింద రాతి గట్టు మీద టీ గ్లాసుల వలయాలు, ఒకదాని పక్కన ఒకటి, జంటలు జంటలుగా. ఈ ఇంట్లో ఎవరూ వండుకోలేదు, పడుకోలేదు, స్నానం చేయలేదు. వచ్చారు, కూర్చున్నారు, వెళ్ళారు.

ఆడమనిషి.

ఆ మాట మనసులో అనుకుని చూసింది. అప్పుడైనా ఏమన్నా కదులుతుందేమోనని కాసేపు నిలబడింది. కదల్లేదు. బకెట్టు కుళాయి కింద పెట్టి నీళ్ళు నిండేదాకా చూస్తూ నుంచుంది.

రంగుల మేస్త్రి డబ్బా పట్టుకుని వచ్చాడు. మరక మళ్ళీ పైకి రాకుండా అడ్డుకునే ప్రైమరు తెమ్మని ఆమే పొద్దున ఫోను చేసింది. అతను గోడ చూసి నాలుక చప్పరించాడు.

“జిడ్డు కడక్కుండా, ప్రైమరు కొట్టకుండా, నీళ్ళ రంగు పూశాడమ్మా. ఎవడు ఆ మొనగాడు?”

“మా ఆయనే.”

మేస్త్రి దగ్గాడు. “రంగైతే తెల్లగా బాగానే ఉందండి” అన్నాడు. “మీరు కడిగి ఉంచితే ఆరాక సాయంత్రం వచ్చి కొట్టేస్తాను.” ఇంకో మాట మాట్లాడకుండా డబ్బా అక్కడ పెట్టి మెట్లు దిగిపోయాడు.

అది తడి తగిలితే కరిగే చవక రంగు. స్పాంజితో రెండుసార్లు రుద్దేసరికి పాలలా కిందికి కారింది. లోపలి మరక మొత్తం బయటపడింది. అర్ధచంద్రంలా పైన సన్నగా, కింద చిక్కగా ఉంది. పడకగదిలోది కూడా అచ్చం ఇదే. రెండూ ఒకే తలవి.

వెనక తలుపు చప్పుడైంది.

ఆయన గుమ్మంలో ఉన్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా. ఆఫీసులో ఉండాల్సిన వేళ.

“అమ్మ ఫోన్ చేసింది, నువ్విక్కడ ఉన్నావని” అన్నాడు.

“కూర్చోండి” అంది ఆమె.

“ఎక్కడ?”

“మీ చోట్లో.”

ఆయన కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, అరిగిన దారి వెంట నడిచి, గోడ కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చాడు. అది సరిగ్గా వెళ్ళి మరకలో ఆగింది. చొక్కా తడిసింది. పట్టించుకోలేదు.

స్పాంజి లోంచి నీళ్ళు బకెట్టులో చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

“ఎవరావిడ?” అంది ఆమె.

“ఏ ఆవిడ?” ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడిపోయింది. “ఛ. అలా అనుకున్నావా?”

“ఎలా అనుకోమంటారు?”

“ఉద్యోగం పోయింది.”

ఆమె స్పాంజిని బకెట్టులో వదిలేసింది.

“పోయిన ఏడాదే. మా సెక్షన్ మొత్తం ఎత్తేశారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. పొద్దున నువ్వు డబ్బా కట్టి చేతికిస్తే తీసుకున్నాను. తీసుకున్నాక ఎక్కడికో అక్కడికి వెళ్ళాలి కదా.”

“ఇక్కడికొచ్చారు.”

“ఇక్కడికే వచ్చాను.”

“ఇంజినీరు?”

“లేడు.”

“మరి జీతం, అద్దె?”

“ఆఫీసువాళ్ళు పంపించేస్తూ చేతిలో పెట్టినదాంట్లోంచే. అది అయిపోవచ్చింది. అందుకే ఈ ఇల్లు నిజంగా అద్దెకిద్దామనుకున్నాను.”

తన ఇంట్లో తనే అద్దెకున్న మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆమెకూ నవ్వు గొంతుదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

“పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేసేవారు?”

“ఏం చేస్తాను? కూర్చునేవాణ్ణి.”

“నాకెందుకు చెప్పలేదు?”

ఆయన గోడకు ఆనించిన తల అలానే ఉంచి కళ్ళు మూసుకున్నాడు.

“నీకు చెబితే ఊరుకుంటావా? ఆ పూటే కొంగు బిగిస్తావు. ఎవరెవరికో ఫోన్లు చేస్తావు. నా చేత దరఖాస్తులు పెట్టిస్తావు. నువ్వు ఏ మరకనీ ఒక్క రోజు ఉండనివ్వవు. నన్ను కొన్నాళ్ళు అలా ఉండనిస్తే బాగుండు అనిపించింది.”

ఆ మాట నొప్పెట్టాల్సిన మాట. ఎక్కడో నొప్పెట్టింది కూడా. కానీ ఆ చోటు తనది కానట్టు, పక్కింట్లో ఎవరికో దెబ్బ తగిలినట్టు ఉంది.

“ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు.”

“ఎవరికీ?”

“నీ మీద ఒట్టు. నువ్వే మొదట” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “అమ్మకి మాత్రం చెప్పకు. తట్టుకోలేదు” అన్నాడు.

ఆమె తల ఊపింది.

కొంగుతో ఆయన మెడ వెనక తడి తుడిచింది. అది చెయ్యాలనుకుని చేసింది కాదు, చెయ్యి అలవాటుగా వెళ్ళింది. ఆయన ఆ చేతిని కాసేపు పట్టుకున్నాడు.

“డబ్బాలో ఏముందో అది తినండి” అంది. “తిన్నాక ఇంటికెళ్ళండి. నేను ఇక్కడ పని ముగించుకుని వస్తాను. తర్వాత ఆలోచిద్దాం.”

“కోపం లేదా?”

“తెలీడం లేదు.”

తిన్నాడు. ఆకలిగొన్న పిల్లాడిలా తిన్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, “ఇక ఆ గోడ మిగతాది వదిలెయ్యి. మరక ఉన్నచోట కొడితే చాలు, మిగతా అంతా బాగానే ఉందిగా” అన్నాడు.

“సరే” అంది ఆమె.

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు తగ్గాక ఆమె కాసేపు నేల మీద చతికిలబడింది. మొద్దుబారిన ఒంట్లో ఏదో ఒక మూల కొంచెం వెచ్చగా ఉంది. ఆడమనిషి లేదు. ఉద్యోగమే కదా పోయింది. దాచాడు, అబద్ధాలాడాడు, నిజమే. అయినా చివరికి చెప్పింది తనకే. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో తల్లీ కొడుకుల మధ్య తనది ఎప్పుడూ మూడో కుర్చీ. ఇన్నాళ్ళకి ఆయనా తనూ ఒకవైపు, అత్తగారు ఇంకోవైపు. ముసలావిడకు తెలియకుండా ఇద్దరూ కలిసి మోయాల్సిన బరువు ఒకటి దొరికింది. ఇలాంటిదానికి కూడా సంతోషిస్తారా అని తనను తనే కసురుకుంది. సంతోషం మాత్రం పోలేదు.

లేచి స్పాంజి తీసుకుంది. మిగతాది వదిలెయ్యమన్నాడు గానీ, సగం కడిగిన గోడ మీద రంగు కొడితే అతుకు కనబడుతుంది. గోడ అన్నాక ఈ మూల నుంచి ఆ మూల దాకా కడగాల్సిందే. అది ఆమె పద్ధతి. ఆయనకు ఆమె గురించి అన్నీ తెలుసు, ఈ ఒక్కటి మాత్రం మరిచిపోయాడు.

మరకకు మూరెడు అవతల చెయ్యి ఆగింది.

అక్కడ రంగు మందంగా ఉంది. అరచేతితో తడిమితే అంచు తగులుతోంది, గోడకు అట్ట అతికించినట్టు. తన మరక మీద ఒక పూత పూసి సరిపెట్టుకున్న మనిషి, ఏమీ లేనిచోట పూత మీద పూత ఎందుకు పూశాడు?

రుద్దింది. మొదటి పూత కరిగింది. ఇంకా రుద్దింది. తెల్లటి నీళ్ళు మోచేతిదాకా కారాయి. బకెట్టు నీళ్ళు మార్చి మళ్ళీ రుద్దింది.

ఆయన మరకకు జానెడు కింద, రెండో మరక మెల్లగా బయటికొచ్చింది. మామూలు తల మరక కాదు. నిమ్మకాయంత చిక్కటి చుక్క ఒకటి నడుమ, దాని చుట్టూ పలచగా జిడ్డు. ముడి ఆనించి కూర్చున్న మరక. నిటారుగా కూడా లేదు, ఎడమకు ఒరిగి ఉంది.

దీన్ని ఎక్కడ చూసిందో గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది. నెలనెలా తమ ఇంటి హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని తుడిచేది దీన్నే.

కిటికీ గట్టు మీద గ్లాసుల వలయాలు జంటలుగా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. మధ్యాహ్నాలు ఫ్లాస్కు ఎవరింటికి వెళ్ళిందో అర్థమైంది. ఇందాక అత్తగారు ఆయనకు ఫోను ఎందుకు చేసిందో కూడా. రోజూ సాయంత్రం ‘ఆఫీసులో పని ఎక్కువైందిరా నాన్నా, పీక్కుపోయావు’ అని కొడుకు తల నిమిరిన ఆవిడ, పొద్దున ‘డబ్బా కట్టావా అమ్మాయ్, వాడికి ఆలస్యమవుతుంది’ అని తొందరపెట్టిన ఆవిడ గుర్తొచ్చింది. డబ్బా కట్టినన్నాళ్ళూ ఇద్దరూ కూడబలుక్కుని ఆమె చేత ఆడించిన నాటకం అది. తనూ ఒక పాత్రధారినని తెలియనిది ఆ నాటకంలో తనొక్కదానికే.

అన్నిటికన్నా ఎక్కువ, ‘నీ మీద ఒట్టు’ అన్న మాట చెవిలో ఉండిపోయింది. ఇందాక మెడ తుడిపించుకుని, చెయ్యి పట్టుకుని అన్న మాట.

వచ్చిన వెచ్చదనం ఎలా వచ్చిందో అలానే పోయింది. ఏడుపు రాలేదు. రెండు మరకల మధ్య తను కూర్చుని చూసింది. అటు ఒకటి, ఇటు ఒకటి. నడుమ ఆమె తల ఆనిన చోట గోడ శుభ్రంగా ఉంది.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. బ్రష్ తడుపుతూ రెండో మరక చూసి, “ఇంకోటి ఉందేంటమ్మా” అన్నాడు. “పర్లేదు, రెండిటి మీదా ఒకేసారి కొట్టేస్తాను. ఇక జన్మలో పైకి రావు.”

“ఇవాళ వద్దులే” అంది ఆమె.

“ఆరిందిగా అమ్మా?”

“ఆరింది. అయినా వద్దు. చెప్పినప్పుడు రండి.”

ఇంటికి వచ్చేసరికి లైట్లు వేసి ఉన్నాయి. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆమె కళ్ళలోకి చూసి, చిన్నగా తల అడ్డంగా ఊపాడు. చెప్పవు కదా అని. ఆ రెండో మరక చూడకముందైతే ఆ చిన్న సైగ చాలు, ఆమె రాత్రంతా దాచుకునేది.

అత్తగారు చాప మీద ఉంది. ముడి గోడకు ఆనించి, తల ఎడమకు వాల్చి.

“అలిసిపోయినట్టున్నావు. టీ పెట్టనా?” అంది.

“ఫ్లాస్కులో ఉందా అత్తయ్యా?”

“లేదమ్మాయ్. మీ వదిన వాళ్ళింట్లో అయిపోయింది.”

“వదిన బాగుందా?”

“బాగానే ఉంది. దానికేం?” అత్తగారు చీర అంచు సర్దుకుంది. “ఇంతకీ గోడ సంగతేమైంది? మరక పోయిందా?”

ఆమె బకెట్టు కింద పెట్టింది. ఒళ్ళు ఇంకా మొద్దుబారే ఉంది, గొంతు కూడా ఎప్పటిలానే మెత్తగా వచ్చింది.

“మీ అబ్బాయిది పోతుందత్తయ్యా. దాని పక్కన, జానెడు కింద ఇంకోటి బయటపడింది. ఎడమకు ఒరిగి ఉంది. దాన్ని కడగాలో ఉంచాలో నాకు తెలీలేదు. రేపు మధ్యాహ్నం వదిన వాళ్ళింటికి కాకుండా, మీరు నాతో వచ్చి చెప్పండి.”

ఆయన చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

అత్తగారు మెల్లగా తల ఎత్తి, గోడకు ఆనకుండా, నిటారుగా కూర్చుంది.